పాత ఓమ్నీ నల్ల పొగ వదులుతూ పెట్రోల్ తాగేస్తుంటే: కారణాన్ని వరుసగా వెతికే పద్ధతి

నెల్లూరు, ఒంగోలు మధ్య హైవే మీదా, లోపలి పల్లె రోడ్ల మీదా ఓమ్నీలు ఇంకా చాకిరీ చేస్తూనే ఉన్నాయి. చేపల ట్రేలు, నిమ్మకాయ బస్తాలు, టెంట్ హౌస్ సామాను, ట్యూషన్‌కు వెళ్లే పిల్లలు, అన్నీ వాటిలోనే. మారుతి ఈ బండి తయారీని 2019లో ఆపేసింది. కాబట్టి ఇప్పుడు నడుస్తున్నవన్నీ వయసు పైబడినవే. వీటిలో ఎంపీఎఫ్ఐ ఇంజిన్ (కార్బ్యురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కు ఒక ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం) ఉన్న బండ్లకు తరచుగా వచ్చే జబ్బు ఒకటుంది. సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తుంది. బండి వెనక నిలబడితే కళ్లు మండుతాయి. లీటరుకు 14, 15 ఇచ్చే బండి 9, 10 దగ్గర ఆగిపోతుంది. సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో కొట్టుకుంటుంది. వేడి మీద ఆపి మళ్లీ సెల్ఫ్ కొడితే ఒక పట్టాన స్టార్ట్ కాదు.

ఇలాంటి బండిని షెడ్డుకు తీసుకెళ్తే ముందు ఇంజెక్టర్లు మార్చమంటారు. అవి మార్చినా తగ్గకపోతే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె, పోయిందంటారు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, ఎక్కడో ఉన్న తప్పు ఈ రెండింటి నెత్తిన పడుతుంది. నిజానికి ఈసీయూ తనంతట తాను పెట్రోల్ పెంచదు. సెన్సర్లు చెప్పింది నమ్మి, ఆ లెక్కన ఇంజెక్టర్లను తెరిచి మూస్తుంది. మన జిల్లాల్లో ఎక్కువ బండ్లలో ఈసీయూకి అందుతున్న తప్పుడు కబురు ఒకటే: ‘ఇంజిన్ ఇంకా వేడెక్కలేదు’. ఆ ఒక్కటి ముందుగా తేల్చుకుంటే సగం బండ్లకు వందల్లోనే పని అయిపోతుంది. అందుకే కింద చెప్పే వరుసను మార్చకండి. ఖర్చు లేనివి, చేత్తో చూడగలిగేవి ముందు. డబ్బు పెట్టాల్సినవి చివర.

రిచ్ అంటే ఏమిటి, ఈ20 పెట్రోల్‌కు ఇందులో పాత్ర ఉందా

ఒక కిలో పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి తగ్గినా, పెట్రోల్ పెరిగినా మిగిలిన ఇంధనం సగం కాలి మసిగా, కార్బన్ మోనాక్సైడ్‌గా బయటికి వస్తుంది. దాన్నే రిచ్ మిక్స్చర్ అంటాం.

‘ఈ కొత్త పెట్రోల్ పోసినప్పటి నుంచే పొగ’ అనే మాట ఈమధ్య బంకుల దగ్గర బాగా వినిపిస్తోంది. అది పొరపాటు. ఇథనాల్ కాలడానికి గాలి తక్కువ చాలు, కిలోకు 9 కిలోలే. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు, అంటే ఈ20కి, ఆ లెక్క 13.5 దగ్గరికి దిగుతుంది. మామూలు పెట్రోల్ కోసం లెక్కలు రాసి పెట్టిన పాత ఈసీయూ అంతే ఇంధనం వదిలితే మిశ్రమం కొంచెం పలుచనవుతుంది తప్ప చిక్కబడదు. ఈ20 మీద నడుస్తూ కూడా మీ బండి నల్ల పొగ వదులుతోందంటే, లోపం ఎక్కడో గట్టిగానే ఉందని అర్థం. అయితే ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, పగుళ్లు తెస్తుంది. పొగ లేకుండా పెట్రోల్ వాసన మాత్రమే వస్తుంటే అది రిచ్ కాకపోవచ్చు, లీకేజీ కావచ్చు. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. కాబట్టి ఆ వాసన నేరుగా మనుషుల మధ్యకే వస్తుంది. అలాంటప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఆ లీకు సంగతి చూడండి.

చేతిలో ఉండాల్సినవి

డిజిటల్ మల్టీమీటర్, ప్లగ్ స్పానర్, చిన్న టార్చి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, ఒక 330 ఓమ్స్ రెసిస్టర్. రెసిస్టర్ ఎలక్ట్రానిక్స్ షాపులో రెండు మూడు రూపాయలకు దొరుకుతుంది. దాని పని తర్వాత చెప్తాను. సెన్సర్ వైర్ల మీద బల్బు టెస్ట్ ల్యాంప్ వాడకండి. అది లాగే కరెంటుకు ఈసీయూ లోపల దెబ్బతినవచ్చు.

పని ఆరుబయట, నీడలో చేయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్, స్టవ్ ఉండకూడదు. పక్కన ఒక బకెట్ ఇసుకో, చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషరో పెట్టుకోండి. పెట్రోల్ పైపు విప్పాల్సి వస్తే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ నడిపి, దానంతట అది ఆగే దాకా ఉండండి. లైన్లో ఉన్న ప్రెషర్ దిగిపోతుంది. లేకపోతే పెట్రోల్ చిమ్మి వేడి సైలెన్సర్ మీద పడుతుంది.

1. నిజంగా రిచ్‌గానే నడుస్తోందా?

పొగ రంగు చూడండి. నలుపు అంటే పెట్రోల్. నీలం అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది, అది రింగులో వాల్వ్ సీళ్లో, వేరే కథ. తెల్లగా, ఆగకుండా, కాస్త తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది.

పొగ లేదు, మైలేజ్ మాత్రమే పడిపోయింది అంటే ముందు చక్రాలు చూడండి. పది కిలోమీటర్లు నడిపి ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి; తాకొద్దు. ఒకటి మాత్రం సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉంది. టైర్లలో గాలి, జారుతున్న క్లచ్చి కూడా మైలేజ్ తినేస్తాయి. వీటికి ఇంజెక్షన్‌తో సంబంధం లేదు.

ఇక చవకైన పెద్ద పరీక్ష పొల్యూషన్ చెకప్. చాలామంది సర్టిఫికెట్ చేతికి రాగానే జేబులో పెట్టుకుని వచ్చేస్తారు, అందులో అంకెలు చూడరు. కాలుష్య ప్రమాణం బీఎస్-2, బీఎస్-3 అయిన పెట్రోల్ బండికి ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం. బీఎస్-4కు 0.3 శాతం, 200 పీపీఎం. ఇంజిన్ బాగా వేడెక్కాక పరీక్ష చేయించండి. ఆపరేటర్‌ను అడిగితే అసలు రీడింగ్ చూపిస్తాడు. కార్బన్ మోనాక్సైడ్ 3, 4 శాతం చూపిస్తే రిచ్ అన్నది ఖాయం. అది మామూలుగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే ఎగబాకితే మిస్సింగ్ అనుకోవాలి. ఏదో సిలిండర్‌లో స్పార్క్ సరిగ్గా పడటం లేదు. ఈ రెండు అంకెలు చూడగానే మీ దారి సగం తేలిపోతుంది. పనంతా అయ్యాక పోల్చుకోవడానికి ఆ కాగితం దాచిపెట్టండి.

2. ప్లగ్గులు విప్పి చూడటం

ఓమ్నీలో మూడే సిలిండర్లు, మూడే ప్లగ్గులు. బండిని కొంత దూరం నడిపి, ఐడ్లింగ్‌లో ఎక్కువసేపు ఉంచకుండా ఆపి, ఇంజిన్ చల్లారాక విప్పండి. ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకుని వరుసగా ఒక గుడ్డ మీద పేర్చండి.

చూడాల్సింది ఒకటే: మూడూ నల్లబడ్డాయా, ఒకటేనా? మూడూ పొడి మసితో, వేలికి అంటుకునేలా ఉంటే కారణం మూడింటికీ ఉమ్మడిది. అంటే టెంపరేచర్ సెన్సర్, మ్యాప్ సెన్సర్ (దీని సంగతి నాలుగో మెట్టులో), పెట్రోల్ ప్రెషర్ లాంటిది. రెండు లేత గోధుమ రంగులో ఉండి ఒకటి మాత్రమే నల్లగా, పెట్రోల్ తడితో ఉంటే ఆ సిలిండర్‌లో ఇంజెక్టర్ కారుతోంది, లేదా అక్కడ స్పార్క్ లేదు. నలుపు జిగటగా, నూనెలా మెరుస్తుంటే అది ఆయిల్, పెట్రోల్ కాదు.

ఎలాగూ విప్పారు కాబట్టి గ్యాప్ కూడా చూసుకోండి. ఎన్‌జీకే ప్లగ్గు నంబరు చివర 11 ఉంటే 1.1 మిల్లీమీటర్ గ్యాప్ అని అర్థం. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల పచ్చగా తుప్పు పట్టిందా, ప్లగ్గులకు కరెంటు తెచ్చే హెచ్‌టీ వైర్లు ఎండకు బీటలు వారాయా చూడండి. రాత్రి చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా వైర్ల మీద నీలి మెరుపులు కనిపిస్తే అవి మార్చాల్సిందే.

3. ఇంజిన్ వేడి: అసలు పట్టు ఇక్కడే

మూడు ప్లగ్గులూ నల్లగా ఉన్నాయంటే నేరుగా ఇక్కడికి రండి.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు. అందుకని ఈసీయూ ఎక్కువ పెట్రోల్ వదులుతుంది. వేడెక్కే కొద్దీ తగ్గిస్తుంది. ఇంజిన్ తగినంత వేడెక్కిందని నమ్మే దాకా ఆక్సిజన్ సెన్సర్ మాట కూడా చెవిన పెట్టదు. అంటే వేడి కబురు తప్పైతే దాన్ని సరిదిద్దే దారి కూడా మూసుకుపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ ఎగిసిపోయే బండ్లలో ముందుగా దీన్నే అనుమానించడం అందుకే.

మొదటి ప్రశ్న: థర్మోస్టాట్ వాల్వ్, అంటే ఇంజిన్ వేడెక్కే దాకా నీళ్లను రేడియేటర్‌కు పోకుండా ఆపేది, ఉందా? మన వైపు ఎండాకాలంలో 44, 45 డిగ్రీలు చూశాక, ‘బండి హీట్ కాకుండా ఉంటుంది’ అని వాల్వ్ పీకి పారేయడం మామూలైపోయింది. దాంతోపాటు రేడియేటర్ ఫ్యాన్‌ను డైరెక్ట్ చేసేస్తారు, కీ తిప్పగానే తిరిగేలా. ఈ రెండూ కలిస్తే జరిగేది ఇది: కావలి నుంచి సింగరాయకొండ దాకా హైవే మీద ఎదురుగాలికి పోతుంటే ఇంజిన్ 60, 65 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. ఈసీయూ దృష్టిలో అది ఇంకా వేడెక్కుతూ ఉన్న ఇంజిన్. ఒంగోలు చేరేదాకా అది అదనపు పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. హీట్ కాకూడదని చేసిన పనికి ట్రిప్పు ట్రిప్పుకూ చేతి చమురు వదులుతుంది. పైగా ఇంజిన్ వేడెక్కాలన్నా, అతిగా వేడెక్కకూడదన్నా థర్మోస్టాట్ ఉండాలి. ఓవర్‌హీట్ ఉంటే రేడియేటర్ శుభ్రం చేయించాలి, ఫ్యాన్ స్విచ్ మార్చాలి. వాల్వ్ తీసేయడం దానికి మందు కాదు.

వాల్వ్ ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, రేడియేటర్‌కు వెళ్లే పై గొట్టం మీద చెయ్యి పెట్టండి. ఫ్యాన్ బ్లేడ్లకు చెయ్యి దూరంగా ఉండాలి. వాల్వ్ బాగుంటే గొట్టం చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మారుతూ పోతుంటే వాల్వ్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. విప్పిన వాల్వ్‌ను గిన్నెలో నీళ్లు పోసి మరిగించి పరీక్షించవచ్చు. దాని మీద చెక్కిన ఉష్ణోగ్రత, చాలావాటికి 82, దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, చల్లారాక పూర్తిగా మూసుకోవాలి.

రెండోది సెన్సర్. ఇక్కడ చాలామంది ఒక విషయం పట్టించుకోరు. డాష్‌బోర్డు మీద ముల్లును నడిపే సెన్సర్ వేరు, ఈసీయూకి కబురు పంపే సెన్సర్ వేరు. ముల్లుది ఒంటి వైరు. ఈసీయూది రెండు వైర్ల కప్లర్ (వైర్లను సెన్సర్‌కు కలిపే ప్లాస్టిక్ సాకెట్). ‘మీటర్ సరిగ్గానే చూపిస్తోంది కదా’ అంటే రెండోదాని సంగతి ఏమీ తెలియదు.

రెండు వైర్ల కప్లర్ లాగి, సెన్సర్ పిన్నుల మధ్య ఓమ్స్ కొలవండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఇంజిన్ వేడి, బయటి వేడి ఒకటే. 20 డిగ్రీల దగ్గర 2,200 నుంచి 2,700 ఓమ్స్ మధ్య, 40 దగ్గర సుమారు 1,100 ఓమ్స్, 80 దాటితే 300 చుట్టూ ఉండాలి. డిసెంబరు తెల్లవారుజామున వచ్చే అంకె, మే నెల మధ్యాహ్నం వచ్చే అంకె ఒకటి కావు. ఎవరో చెప్పిన అంకెతో కాకుండా ఆరోజు ఎండతో పోల్చుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కాక మళ్లీ కొలవండి. అప్పుడు కూడా వేలల్లో చూపిస్తే సెన్సర్ పోయింది.

సెన్సర్ బాగున్నా కప్లర్ మోసం చేస్తుంది. తీరం పక్కన తిరిగే బండ్లకు ఇది మరీ ఎక్కువ. మైపాడు వైపు నుంచి చేపలు తెచ్చే ఒక ఓమ్నీలో కప్లర్ లాగితే లోపల పిన్ను కనిపించలేదు. పాచి పట్టినట్టు పచ్చటి పొడి నిండి ఉంది. ట్రేల నుంచి కారే ఉప్పు నీళ్లు ఫ్లోరు పగుళ్లలోంచి దిగి వైరింగ్ మీద పడుతూ వచ్చాయి. సెన్సర్ కొలిస్తే కొత్తదానిలాగే 310 ఓమ్స్. ఈసీయూ వైపు నుంచి వైరుతో సహా కొలిస్తే 1,900. ఆ తేడా అంతా తుప్పుదే. ఎనభై డిగ్రీల ఇంజిన్‌ను ఈసీయూ పాతిక డిగ్రీల ఇంజిన్ అనుకుంటోంది. పిన్నులు చిన్న బ్రష్‌తో గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, పెట్రోలియం జెల్లీ పలుచగా రాసి బిగించగానే అరగంటలో పొగ పోయింది. ఆక్వా చెరువుల మీద తిరిగే బండ్లకు, వానాకాలంలో నీళ్లలో నిలబడిన బండ్లకు ఈ కప్లర్‌ను ఏటా ఒకసారి విప్పి చూడటం మంచిది. మన దగ్గర తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వస్తాయి. కాబట్టి జనవరిలో చూస్తే సరి.

లోపలి వైపు సమస్య వేరు. కనిగిరి, పొదిలి ప్రాంతాల్లో బోరు నీళ్లు గట్టివి. అవే రేడియేటర్‌లో పోస్తూ పోతే సెన్సర్ ముక్కు మీద సున్నపు పొర పేరుకుంటుంది. సెన్సర్ బాగానే ఉన్నా వేడి దానికి ఆలస్యంగా తగులుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయడం తప్ప దీనికి మార్గం లేదు. ఇంకొకటి: రేడియేటర్‌లో నీళ్లు తక్కువై సెన్సర్ గాలిలో మిగిలిపోయినా తప్పు కబురే వెళ్తుంది. సిస్టమ్‌లో గాలి బుడగలు లేకుండా నింపాలి.

ఇప్పుడు ఆ 330 ఓమ్స్ రెసిస్టర్. ఇంజిన్ బాగా వేడి చేసి, ఆపి, రెండు వైర్ల కప్లర్ లాగి, సెన్సర్ బదులు రెసిస్టర్ కాళ్లు కప్లర్‌లో గుచ్చండి. స్టార్ట్ చేయండి. ఈసీయూకి ఇప్పుడు 80 డిగ్రీల దగ్గర ఉన్నట్టు కబురు వెళ్తుంది. ఐడ్లింగ్ నిలబడి, పొగ తగ్గి, వాసన పలుచబడితే దోషి దొరికినట్టే: సెన్సర్, లేదా దాని కప్లర్. ఏ మార్పూ లేకపోతే సెన్సర్ కొనకండి, డబ్బు దండగ. ఇది పరీక్ష కోసమే. రెసిస్టర్‌ను అలాగే వదిలేస్తే పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ కాక ఏడిపిస్తుంది. కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాన్ కూడా ఇదే సెన్సర్ మాట విని తిరుగుతుంది. అలాంటి బండిలో రెసిస్టర్ వదిలేస్తే ఫ్యాన్ తిరగక హెడ్ గ్యాస్కెట్ పోతుంది.

4. మ్యాప్ సెన్సర్, దాని గొట్టం

ఓమ్నీ లాంటి బండ్లు గాలిని నేరుగా కొలవవు. మానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారిలో, వ్యాక్యూమ్ ఎంత ఉందో మ్యాప్ సెన్సర్ చెప్తుంది, దాన్ని బట్టి గాలి ఎంత వచ్చిందో ఈసీయూ లెక్కేసుకుంటుంది. అందువల్ల ఒక తమాషా ఉంది. ఎయిర్ ఫిల్టర్ బాగా మూసుకుపోతే కార్బ్యురేటర్ బండి నల్ల పొగ వదులుతుంది కానీ, ఈ బండి పికప్ కోల్పోతుందే తప్ప పెద్దగా రిచ్ కాదు. ఫిల్టర్ మార్చండి, మంచిదే. కానీ దాంతో నల్ల పొగ పోతుందని ఆశ పెట్టుకోకండి.

అదే మ్యాప్ సెన్సర్‌కు వెళ్లే సన్న గొట్టం చీలితే, ఊడితే, లోపల పూడిపోతే ఈసీయూ మోసపోతుంది. వ్యాక్యూమ్ తగ్గింది అంటే డ్రైవర్ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడనుకుని పెట్రోల్ కుమ్మరిస్తుంది. వరి కోతల కాలంలో ఎలుకలు ఇళ్ల దగ్గర ఆపిన బండ్లలో దూరి ఈ గొట్టాలు కొరికేస్తాయి. సీటు ఎత్తి, టార్చితో మొదటి నుంచి చివరి దాకా వేలితో తడుముతూ చూడండి. రెండు చివర్లలో గొట్టం వదులుగా ఉంటే అరంగుళం కత్తిరించి మళ్లీ తొడగండి. కొన్ని మోడళ్లలో గొట్టం లేకుండా సెన్సర్ మానిఫోల్డ్ మీదే ఉంటుంది. అప్పుడు దాని రబ్బరు రింగు చూడాలి.

మీటర్‌తో చూడాలంటే: కీ ఆన్‌లో, ఇంజిన్ ఆగి ఉండగా సిగ్నల్ వైరు మీద సుమారు 3.5 నుంచి 4.5 వోల్టులు రావాలి. ఐడ్లింగ్‌లో ఒకటి, ఒకటిన్నరకు పడాలి. ఐడ్లింగ్‌లోనూ రెండున్నర, మూడు చూపిస్తుంటే గొట్టం, సెన్సర్, లేదా ఇంజిన్ వ్యాక్యూమే తక్కువగా ఉండటం. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా, వాల్వులు సరిగ్గా మూసుకోకపోయినా వ్యాక్యూమ్ తగ్గుతుంది. ఈమధ్యే టైమింగ్ బెల్టు మార్చిన తర్వాత మొదలైన సమస్య అయితే ముందు మార్కులు చూడమనండి.

5. ఆక్సిజన్ సెన్సర్ చెప్పేది ఎలా వినాలి

సైలెన్సర్ పైపు మీద ఉండే ఈ సెన్సర్ 300 డిగ్రీలకు వేడెక్కాక పని మొదలుపెడుతుంది. 0.1 నుంచి 0.9 వోల్టు మధ్య అటూ ఇటూ ఊగుతూ ఉండాలి. 0.45 కంటే పైన రిచ్, కింద లీన్, అంటే గాలి ఎక్కువ. ఇంజిన్ వేడెక్కాక 2,000, 2,500 ఆర్‌పీఎం దగ్గర పట్టి, కప్లర్ వెనక వైపు నుంచి సన్నటి సూది పిన్నుతో సిగ్నల్ వైరు మీద చూడండి. వైరు తొక్క గుచ్చి చూడొద్దు, ఆ రంధ్రంలోంచి తర్వాత తుప్పు మొదలవుతుంది.

0.8, 0.9 దగ్గర కదలకుండా ఉంటే సెన్సర్ నిజమే చెప్తోంది: పెట్రోల్ ఎక్కువగా ఉంది, ఈసీయూ తగ్గించడం లేదు లేదా తగ్గించలేకపోతోంది. ఇది చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు. పాపం, నిజం చెప్పినదాన్ని పీకేసినట్టు అవుతుంది.

0.1, 0.2 దగ్గర ఉండి ప్లగ్గులు మాత్రం నల్లగా ఉంటే అప్పుడు అనుమానించాలి. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా రేస్ చేయండి, వోల్టేజ్ 0.8 దాటాలి. వదిలేయగానే సున్నా దగ్గరికి పడాలి. అలా కదలకపోతే సెన్సర్ చచ్చిపోయింది. కదులుతోంది కానీ ఎప్పుడూ కిందే ఉంటుందంటే రెండు చోట్ల చూడాలి. ఒకటి, సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ లీకు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టప్ టప్ అని చప్పుడు వస్తుంది, జాయింట్ దగ్గర మసి చారలు ఉంటాయి. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుని సెన్సర్‌కు తగులుతుంది. రెండు, మిస్సింగ్. కాలని సిలిండర్ నుంచి వచ్చే గాలిలో ఆక్సిజన్ అలాగే ఉంటుంది. రెండు సందర్భాల్లోనూ సెన్సర్‌కు గాలి ఎక్కువగా కనిపిస్తుంది, ఈసీయూ పాపం పెట్రోల్ పెంచుతుంది.

మీ బండి స్కానర్‌కు పలికే మోడల్ అయితే ఇదంతా ఒక్క చూపులో తెలుస్తుంది. ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె, మైనస్ 15, 20 దగ్గర ఉంటే ఈసీయూ తగ్గించడానికి తంటాలు పడుతోంది, అంటే ప్రెషర్, ఇంజెక్టర్, మ్యాప్ వైపు చూడాలి. ప్లస్‌లో ఉంటూ నల్ల పొగ వస్తుంటే ఎగ్జాస్ట్ లీకు, మిస్సింగ్, ఆక్సిజన్ సెన్సర్. సున్నా దగ్గర కదలకుండా ఉండి లూప్ ఓపెన్ (ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినడం లేదు) అని చూపిస్తే మళ్లీ మూడో మెట్టుకు, వేడి సంగతికి వెళ్లాలి. ఈ20 వల్ల ట్రిమ్ కొద్దిగా ప్లస్‌లో ఉండటం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు.

6. ప్రెషర్ రెగ్యులేటర్, ఇంజెక్టర్లు, క్యానిస్టర్

పెట్రోల్ ప్రెషర్‌ను అదుపులో పెట్టే రెగ్యులేటర్ ఇంజిన్ దగ్గర ఉన్న మోడల్ అయితే దాని నెత్తి మీద ఉన్న వ్యాక్యూమ్ గొట్టం లాగి వాసన చూడండి. లోపల పెట్రోల్ తడి ఉందంటే డయాఫ్రమ్ చినిగింది. ఇంజిన్ ఆ గొట్టంలోంచి నేరుగా పెట్రోల్ పీలుస్తోంది. వెతుకులాట అక్కడితో అయిపోయింది, రెగ్యులేటర్ మార్చండి.

తడి లేకపోతే గేజ్ పెట్టించాలి. ఇలాంటి బండ్లలో ప్రెషర్ రెండున్నర, మూడు బార్ మధ్య ఉంటుంది. వ్యాక్యూమ్ గొట్టం తగిలించి ఐడ్లింగ్‌లో చూస్తే దాదాపు అర బార్ తగ్గాలి. నాలుగు దాటితే మిగులు పెట్రోల్‌ను ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పైపు నలిగిపోవడమో, రెగ్యులేటర్ ఇరుక్కోవడమో. వెల్డింగ్ పని, ఫ్లోరు రిపేరు చేయించిన బండ్లలో రిటర్న్ పైపు నలిగి ఉండటం తరచుగా కనిపిస్తుంది.

ఇంజిన్ ఆపాక గేజ్ ముల్లు చూడండి. నిదానంగా దిగితే సరే. కొద్ది నిమిషాల్లోనే సున్నాకు పడిపోతే ఎక్కడో కారుతోంది. మళ్లీ ప్రెషర్ ఎక్కించి, ఆపగానే రిటర్న్ రబ్బరు గొట్టం మెల్లగా నొక్కి పట్టండి. ముల్లు ఆగితే రెగ్యులేటర్. ట్యాంకు వైపు గొట్టం నొక్కితే ఆగితే పంపులోని చెక్ వాల్వ్, దానికీ రిచ్‌కూ సంబంధం లేదు. రెండిటికీ ఆగకపోతే ఇంజెక్టర్ కారుతోంది. అప్పుడు, అప్పుడే, ఇంజెక్టర్లు తీసి అల్ట్రాసోనిక్ క్లీనింగ్‌కు ఇవ్వండి. తర్వాత కూడా కారేదాన్ని మాత్రమే మార్చండి. రబ్బరు రింగులు మాత్రం ప్రతిసారీ కొత్తవే వేయాలి.

ట్యాంకు ఫుల్ కొట్టించిన రోజుల్లో, అదీ ఎండలో, సమస్య ఎక్కువైతే ట్యాంకులోని ఆవిరిని ఇంజిన్‌కు వదిలే క్యానిస్టర్ పర్జ్ వాల్వ్ మీద కన్నెయ్యండి. అది మూసుకోకపోతే ట్యాంకులోని పెట్రోల్ ఆవిరంతా మానిఫోల్డ్‌లోకి పోతుంది. వాల్వ్ నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే గొట్టం నొక్కి పట్టినప్పుడు ఐడ్లింగ్ బాగుపడితే కారణం అదే.

7. గ్యాస్ కిట్ ఉన్న బండి

ఎల్పీజీ కిట్ వేసిన ఓమ్నీలకు అదనంగా ఒక అనుమానం. గ్యాస్ మీద నడిచేటప్పుడు ఈసీయూ గోల చేయకుండా ఎమ్యులేటర్ అనే పెట్టె ఇంజెక్టర్, ఆక్సిజన్ సెన్సర్ సిగ్నళ్లను తనే నకిలీగా ఇస్తుంది. పెట్రోల్‌కు మారాక కూడా అది పక్కకు తప్పుకోకపోతే ఈసీయూకి అసలు సిగ్నల్ అందదు. కిట్ వేసినవాళ్ల దగ్గరికే వెళ్లి ఎమ్యులేటర్ వైర్లు తాత్కాలికంగా తప్పించి పెట్రోల్ మీద నడిపి చూడమనండి. గ్యాస్ పైపుల జోలికి సొంతంగా వెళ్లొద్దు.

8. కారణం దొరికాక చేయాల్సిన మిగతా పని

ముందుగా డిప్‌స్టిక్ తీయండి. రిచ్‌గా నెలల తరబడి నడిచిన బండిలో పెట్రోల్ రింగుల పక్క నుంచి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. లెవల్ తగ్గాల్సింది పెరిగి ఉంటుంది, వేళ్ల మధ్య నీళ్లలా జారుతుంది, వాసన తెలిసిపోతుంది. కిలోమీటర్లు ఎంత అయ్యాయని లెక్క చూడకుండా ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చండి. పలుచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి, అప్పుడు ఖర్చు ఇంజిన్ పనికి పెరుగుతుంది.

సైలెన్సర్ పైపులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండి అయితే కాలని పెట్రోల్ అందులో మండి ఎర్రగా కాగుతుంది. సమస్య తీరేదాకా వరిగడ్డి వాములు, ఎండు గడ్డి, పొగాకు బ్యారన్ల దగ్గర బండి ఆపకండి. తట్టి చూస్తే లోపల గలగలమంటే కన్వర్టర్ విరిగింది. పికప్ రాకపోవడానికి అది కూడా కారణమవుతుంది.

ప్లగ్గులు శుభ్రం చేసి లేదా కొత్తవి వేసి, బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఉంచి మళ్లీ బిగించండి. పాత తప్పు లెక్కలను ఈసీయూ మర్చిపోయి కొత్తగా నేర్చుకుంటుంది. మొదటి రోజు ఐడ్లింగ్ కాస్త అటూ ఇటూ ఉన్నా కంగారు పడకండి.

తర్వాత ట్యాంకు నిండా కొట్టించి, మీరు రోజూ తిరిగే రూటులోనే తిప్పి, అదే బంకులో మళ్లీ నిండా కొట్టించి మైలేజ్ లెక్క కట్టండి. ఇంజిన్ వేడిగా ఉండగానే పొల్యూషన్ చెకప్‌కు వెళ్లి, మొదట దాచిన కాగితంతో కార్బన్ మోనాక్సైడ్ అంకె పోల్చండి. పరిమితి లోపలికి రాకపోతే రెండో లోపం మిగిలే ఉంది. ప్లగ్గుల దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పాత బండ్లలో టెంపరేచర్ సెన్సర్ కప్లర్‌తో పాటు ఎగ్జాస్ట్ లీకు కూడా కలిసి ఉండటం అరుదేమీ కాదు.